యాభై ఆరు బోరు మోటార్లు కొండెక్కిన రోజు

కాణిపాకం వరసిద్ధి వినాయకుడి గుడి దగ్గర కొత్త బండికి పూజ అయింది. బానెట్ మీద పసుపు, కుంకుమ, చామంతి దండ. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. హారతి ఇచ్చి, పూజారి ఇక పోనివ్వమన్నాడు. బండి కదిలింది. నిమ్మకాయలు చిట్లిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. చిన్నప్పటి నుంచి ఎన్నో కొత్త బండ్ల పూజలు చూశాను కానీ ఆ చప్పుడు ఎప్పుడూ వినలేదు. ఇంజను మోతలో అది కలిసిపోయేది. ఈ బండికి ఇంజను లేదు.

అది మా మేనల్లుడు బెంగళూరులో కొన్న మహీంద్రా బీఈ 6. 2024 నవంబరు 26న చెన్నైలో ఆవిష్కరించిన కరెంటు కారు. అప్పుడు ప్రకటించిన ప్రారంభ ధర 18.90 లక్షలు. మావాడు కొన్నది పెద్ద బ్యాటరీ ఉన్నది. అందులో 79 యూనిట్ల కరెంటు పడుతుంది. యూనిట్ అంటే మన ఇంటి కరెంటు బిల్లులో లెక్కగట్టే యూనిట్టే, కిలోవాట్ అవర్. కరెంటు కార్ల గురించి మాట్లాడేటప్పుడు ఈ ఒక్క మాట పట్టుకుంటే చాలు, సగం గందరగోళం తీరిపోతుంది.

మా బావ మామిడి రైతు. చిత్తూరు దగ్గర ఆయన తోటలో 5 హెచ్‌పీ బోరు మోటారు ఉంది. కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి కొడుకుని అడిగాడు: "ఎంత మోటరు పెట్టినార్రా దీనికి?"

"210 కిలోవాట్లు నాయనా."

బావ నా వైపు చూశాడు. 5 హెచ్‌పీ అంటే 3.7 కిలోవాట్ల పైచిలుకు. భాగించి చెప్పాను: "నీ బోరు మోటార్లు యాభై ఆరు, బావా."

"యాభై ఆరా!" అన్నాడు. కాసేపాగి, "అన్ని మోటార్లతో ఈ బండి ఏం జేస్తుంది?" అన్నాడు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ రోజు కాణిపాకం నుంచి తిరుపతికి, తిరుపతి నుంచి తిరుమలకు వెళ్లి దిగి వచ్చేదాకా నేను వెతికింది దాని జవాబే. ఈ అధ్యాయం ఆ జవాబు.

బోరు మోటారు, కారు మోటారు

రెండూ ఒకే జాతివి. రెండింటికీ మూడు ఫేజుల కరెంటు కావాలి. స్థిరంగా ఉన్న తీగచుట్టల్లో మూడు ఫేజులూ ఒకదాని వెనక ఒకటి ఎగసిపడుతుంటే వాటి మధ్య అయస్కాంత క్షేత్రం గిర్రున తిరుగుతుంది. లోపలి ఇరుసు ఆ క్షేత్రం వెంట పరుగెత్తుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణే ఈ శాస్త్రానికి పునాది.

ముఖ్యమైన తేడా ఒక్కచోట ఉంది. బోరు మోటారుకు వచ్చే కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు. అది విద్యుత్ సంస్థ పంపేది, రైతు చేతిలో లేదు. రెండు ధ్రువాల మోటారులో క్షేత్రం నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంది. ఇరుసు దానికి కాస్త వెనకబడి తిరుగుతుంది. మధ్యస్థమైన వేగం ఉండదు. స్విచ్ వేయగానే ఆగి ఉన్న ఇరుసు ఒక్క దూకున ఆ వేగాన్ని అందుకోవాలి కాబట్టి మామూలు కంటే ఎన్నో రెట్ల కరెంటు లాగుతుంది. స్టార్టర్ పెట్టేది అందుకే. వోల్టేజీ పడిపోయిన రోజుల్లో మోటార్లు కాలిపోయేదీ, వైండింగు షాపుల ముందు రైతులు బారులు తీరేదీ ఇలాంటి బలహీనతల వల్లే.

కారులో బ్యాటరీకీ మోటారుకీ మధ్య ఇన్వర్టర్ ఉంటుంది. బ్యాటరీ ఇచ్చే ఏకముఖ కరెంటును అది సెకనుకు వేలసార్లు తెంపి, అతికి, మూడు ఫేజులుగా మలుస్తుంది. ఆవృత్తిని సున్నా నుంచి మొదలుపెట్టి, డ్రైవరు పాదం కోరినంత పెంచుతుంది. అందువల్ల బండి కదలకముందే మోటారు తన పూర్తి తిప్పుడు బలాన్ని, ఈ కారులో 380 న్యూటన్ మీటర్లను, ఇవ్వగలదు. పెట్రోలు ఇంజనుకు ఆ వీలు లేదు. అది ముందు తాను తిరగాలి, వేగం పుంజుకోవాలి, అప్పుడే బలం వస్తుంది. గేర్లూ క్లచ్చూ పుట్టింది ఆ లోటు పూడ్చడానికే.

చిత్తూరు దాటి తిరుపతి రోడ్డు ఎక్కాక, ముందూ వెనకా ఖాళీగా ఉన్నచోట మేనల్లుడు ఆ బలాన్ని ఒక్కసారి చూపించాడు. ఈ కారు నిలిచిన చోటు నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగానికి 6.7 సెకన్లలో చేరుతుందని కంపెనీ చెబుతుంది. లెక్క వేస్తే, మన బరువులో 40 శాతానికి పైగా బలంతో సీటు మనల్ని ముందుకు నెడుతుంది. వీపు సీటుకు అతుక్కుపోయింది. వెనక కూర్చున్న అక్క "మెల్లగా పో నాయనా" అని కొడుకు భుజం పట్టుకుంది. శబ్దం లేకుండా అంత వేగం రావడంతో ఒళ్లు ఝల్లుమంది. ఆ అనుభవంలో ఆనందం ఉంది, కాదనను.

అయితే ఆ పరుగుకు ఎంత కరెంటు ఖర్చయింది? బండి, మనుషులు, సామాను కలిపి 2,300 కిలోలు అనుకుందాం. ఆ బరువు 100 కిలోమీటర్ల వేగంలో మోసే గతిశక్తి సుమారు పావు యూనిట్. అంతే. గాలికీ వేడికీ పోయేది కలుపుకున్నా, 79 యూనిట్ల బ్యాటరీలో అది చిల్లర ఖర్చే.

కొండ లెక్క

తిరుపతి సముద్రమట్టానికి 160 మీటర్ల ఎత్తున ఉంటే తిరుమల 850 మీటర్ల పైన ఉంది. మధ్యలో దాదాపు 700 మీటర్ల ఎత్తు. 1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరిచేదాకా ఆ ఎత్తును కాళ్లే మోశాయి, లేదంటే డోలీలు. 1970లలో రెండో ఘాట్ రోడ్డు వచ్చాక కొత్తది ఎక్కడానికి, మలుపులు ఎక్కువున్న పాతది దిగడానికి అని ఏర్పాటైంది.

2,300 కిలోల బరువును 700 మీటర్లు ఎత్తడానికి కావలసిన శక్తి సుమారు 4.4 యూనిట్లు. దీన్ని ఇందాకటి పావు యూనిట్ పక్కన పెట్టి చూడండి. హైవే మీద ఒళ్లు ఝల్లుమనిపించిన పరుగులు పద్దెనిమిది కలిపితే ఒక్కసారి కొండెక్కిన శక్తికి సమానం. ఎత్తు ఎంత ఖరీదైనదో మన శరీరానికి తెలుసు, మెట్లదారిలో మోకాళ్లు చెబుతాయి. కారులో కూర్చున్నప్పుడు ఆ సంగతి మరచిపోతాం.

ఎత్తుతో పాటు టైర్ల రాపిడి, గాలి తోపుడు కలిపి మరో 1.3 యూనిట్లు వేసుకుందాం. మోటారులో, ఇన్వర్టర్‌లో వేడిగా పోయేదీ, ఏసీ తినేదీ కలిపితే మొత్తం ఏడు యూనిట్ల దరిదాపుల్లో తేలుతుంది. బ్యాటరీలో పదో వంతు కూడా కాదు. కొండకు పోతే ఛార్జింగు అయిపోతుందేమోనన్న భయం చాలామందిలో ఉంది. ఆ భయానికి ఈ లెక్కే సమాధానం. మీ ఇంటి యూనిట్ ధరతో ఏడును హెచ్చవేసి చూస్తే రూపాయల్లోనూ తెలుస్తుంది.

ఇప్పుడు బావ ప్రశ్నకు వద్దాం. ఘాట్ రోడ్డు మీద ప్రమాదాలు తగ్గించడానికి టీటీడీ కనీస సమయం నిర్ణయించింది: ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు. అలిపిరిలో బయలుదేరిన సమయం నమోదవుతుంది. ముందే చేరితే తప్పు చేసినట్టే. దాదాపు 18 కిలోమీటర్ల దారిని 28 నిమిషాల్లో ఎక్కాలంటే మోటారు సగటున ఎంత లాగాలి? సుమారు 14 కిలోవాట్లు. అంటే బావ బోరు మోటార్లు నాలుగు.

యాభై ఆరు మోటార్లున్న బండి నాలుగు మోటార్లతో కొండెక్కింది. మిగతా యాభై రెండూ నిద్రపోయాయి. ఈ సంగతి చెప్పినప్పుడు బావ "అయితే ఆ యాభై రెండింటికీ దుడ్లు ఎందుకు గట్టినట్టు?" అన్నాడు. దానికి సమాధానం ఎక్కేటప్పుడు దొరకలేదు. దిగేటప్పుడు దొరికింది.

కపిల ఎద్దుల దారి

దర్శనం చేసుకుని సాయంత్రం దిగడం మొదలుపెట్టాం. పాత ఘాట్ రోడ్డులో మలుపుల మీద మలుపులు. బండ్ల బ్రేకు లైనింగులు కాలిన కమురు వాసన ఆ దారిలో కొత్త కాదు. మావాడు మాత్రం బ్రేకు మీద కాలే పెట్టడం లేదు. యాక్సిలరేటర్ మీద నుంచి పాదం కొద్దిగా లేపుతాడు, బండి ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు నెమ్మదిస్తుంది. తెర మీద బ్యాటరీ అంకె తగ్గడం ఆగిపోయింది. ఇంకొన్ని మలుపులు దాటాక ఒక అంకె పెరిగింది.

బావ ముందుకు వంగి చూశాడు. "కరెంటు యాడినుంచి వస్తాంది?"

ఆయనకు కపిలను గుర్తుచేశాను. బోర్లు రాకముందు రాయలసీమ బావుల మీద కపిలే ఉండేది. ఎద్దులు బావి గట్టు నుంచి ఏటవాలు దారిలో కిందికి నడిచేవి. మోకు గిలక మీదుగా సాగి, తోలు బాన నీళ్లతో పైకి వచ్చేది. దారిని పల్లానికి ఎందుకు తవ్వేవాళ్లు? ఎద్దు కిందికి దిగేటప్పుడు దాని బరువు కూడా లాగుడుకు కలిసొస్తుంది కాబట్టి. ఎద్దు కోల్పోయిన ఎత్తు నీళ్లకు ఎత్తుగా మారేది. మన తాతలు భౌతికశాస్త్రం చదవకుండానే స్థితిశక్తిని ఒక చోటి నుంచి మరో చోటికి మార్చారు.

ఈ కారు చేసేదీ అదే. కిందికి దిగుతున్న బండి బరువు చక్రాలను తిప్పుతుంది, చక్రాలు మోటారును తిప్పుతాయి. అప్పుడు మోటారు జనరేటర్ అవుతుంది. అందులో పుట్టిన కరెంటు తనను పుట్టించిన కదలికకే ఎదురు నిలుస్తుంది. ఇది 1834లో హైన్రిక్ లెంజ్ చెప్పిన సూత్రం. ఆ ఎదురు బలమే మనకు బ్రేకుగా తెలుస్తుంది. ఆ కరెంటే బ్యాటరీలోకి నీళ్ల బానలా ఎక్కుతుంది.

ఎంత వస్తుంది? ఎత్తులో దాచుకున్న 4.4 యూనిట్లలో టైర్లూ గాలీ తినేది పోగా మూడు యూనిట్లు మిగులుతాయి. మార్పిడిలో కొంత వేడిగా పోతుంది. బ్యాటరీకి చేరేది రెండున్నర దాకా. అందులోంచి ఏసీ తన వాటా తీసుకుంటుంది. పూర్తిగా తిరిగి రాదు, ఏ యంత్రమూ అలా ఇవ్వలేదు. అయినా పెట్రోలు కారుతో పోల్చండి. అక్కడ ఆ మూడు యూనిట్లూ ఇంజను రాపిడిలో, బ్రేకు డిస్కుల్లో వేడిగా కాలిపోతాయి. ఆ వేడితో సుమారు 37 లీటర్ల నీళ్లను మరిగించవచ్చు. బ్రేకులు అంత వేడెక్కి పట్టు తప్పడం వల్లే కొండదారుల్లో ఎన్నో ఘోరాలు జరుగుతాయి. దిగేటప్పుడు తక్కువ గేరులో దిగాలని పాత డ్రైవర్లు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పేది ఇందుకే.

ఇక్కడ ఒక హెచ్చరిక ఉంది. నిండిన కుండలో నీళ్లు పట్టవు. కొండ మీదో, హార్స్‌లీ కొండ లాంటి చోటో బ్యాటరీని నూటికి నూరు నింపుకుని వెంటనే దిగితే తిరిగి వచ్చే కరెంటుకు చోటుండదు. మోటారు బ్రేకు బలహీనపడి మామూలు బ్రేకుల మీద భారం పడుతుంది. పల్లానికి దిగేముందు కుండలో కొంచెం వెలితి ఉంచుకోవాలి.

హుస్సేన్‌సాగర్ ఒడ్డున నేర్పిన పాఠం

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున 'ఫార్ములా ఈ' అనే కరెంటు కార్ల పందెం జరిగింది. మన దేశంలో ఆ పందెం జరగడం అదే మొదలు. ఫ్రాన్స్ డ్రైవరు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. అక్కడ పరుగెత్తినవి మూడో తరం కార్లు. వాటి మోటారు 350 కిలోవాట్ల బలంతో ముందుకు నెడుతుంది. కానీ ముందు, వెనక ఇరుసులు రెండూ కలిసి వెనక్కి తీసుకోగలిగేది 600 కిలోవాట్లు! వెనక చక్రాలకు మామూలు హైడ్రాలిక్ బ్రేకులే పెట్టలేదు. పందెంలో వాడే శక్తిలో దాదాపు 40 శాతం బ్రేకు వేసినప్పుడు రాబట్టుకున్నదే.

ప్రపంచంలోని అత్యుత్తమ ఇంజనీర్లు పందెం కారును తయారుచేస్తూ, ఇచ్చే బలం కంటే తిరిగి తీసుకునే బలాన్ని పెద్దది చేశారు. బావ అడిగిన యాభై రెండు మోటార్ల పని ఇదే. మోటారు పెద్దదైతే గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఎక్కువ శక్తిని పట్టుకోగలదు. చిన్న మోటారు పట్టుకోగలిగినంత పట్టుకుని మిగతాది బ్రేకు డిస్కులకు వదిలేస్తుంది. అయితే ఘాట్ రోడ్డులో 40 నిమిషాల నిదానంతో దిగేటప్పుడు చిన్న మోటారుకూ ఆ పని సాధ్యమే. ఈ నిజాన్ని కొనేవాళ్లకు దాచకుండా చెప్పాలి.

తిరుమల ఘాట్‌లో ఈ శాస్త్రం వల్ల అందరికంటే ఎక్కువ మేలు బస్సుకు జరుగుతుంది. 2022 సెప్టెంబరులో, బ్రహ్మోత్సవాల వేళ, అలిపిరిలో ఏపీఎస్ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు మొదలయ్యాయి. హైదరాబాదుకు చెందిన ఒలెక్ట్రా తయారుచేసిన ఈ 100 బస్సుల్లో సగం తిరుమల ఘాట్‌కే కేటాయించారు. బరువు ఎంత ఎక్కువైతే ఎక్కడానికి అంత ఖర్చు, దిగేటప్పుడు అంత రాబడి. రోజూ ఎక్కి దిగే బస్సు ఈ రాబడిని ప్రతి ట్రిప్పులో అందుకుంటుంది.

వేడి అనే శత్రువు

కారు బలానికి అసలు హద్దు బ్యాటరీ వేడి. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గానికి అనుపాతంలో పెరుగుతుందని జేమ్స్ జూల్ 1841లో తేల్చాడు. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు. కొండ ఎక్కేటప్పుడు 14 కిలోవాట్లు లాగితే బ్యాటరీకి చెమట పట్టదు. 210 కిలోవాట్లు లాగితే వందల ఆంపియర్లు ప్రవహిస్తాయి. మే నెల తిరుపతి ఎండలో, రోడ్డు పక్కన నిలిపి ఉంచిన బండి అప్పటికే కాలిపోతుంటుంది. అలాంటప్పుడు బ్యాటరీ చుట్టూ ద్రవాన్ని తిప్పి చల్లబరిచే ఏర్పాటు ఎంత గట్టిదన్నదే బండి ఆయుష్షును నిర్ణయిస్తుంది.

ఈ కారులో వాడినది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. ఈ పదార్థాన్ని 1997లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయం నుంచి లోకానికి పరిచయం చేసిన ముగ్గురిలో ఇద్దరు భారతీయ మూలాలవాళ్లు: అక్షయ పాఢి, కె.ఎస్. నంజుండస్వామి. మూడో వ్యక్తి జాన్ గుడెనఫ్, 2019లో నోబెల్ అందుకున్నాడు. నికెల్, కోబాల్ట్ వాడే బ్యాటరీలతో పోలిస్తే ఇది కిలో బరువుకు తక్కువ శక్తిని దాస్తుంది. కానీ ఫాస్ఫేట్ బంధం ఆక్సిజన్‌ను గట్టిగా పట్టి ఉంచుతుంది కాబట్టి వేడికి అంత తేలిగ్గా మంట అంటుకోదు. మన ఎండలకు ఇది నప్పే గుణం.

బ్యాటరీలు తిరుపతికి కొత్త కాదు. గల్లా రామచంద్రనాయుడు 1985లో స్థాపించిన అమరరాజా కరకంబాడిలో తయారుచేసిన సీసం బ్యాటరీలు దేశమంతటా పెట్రోలు, డీజిలు బండ్లను స్టార్టు చేశాయి. ఉపగ్రహాల కోసం ఇస్రో అభివృద్ధి చేసిన లిథియం అయాన్ పరిజ్ఞానాన్ని పొందడానికి ఎంపికైన 10 సంస్థల్లో అదీ ఉంది. 2022లో తిరుపతి ఎలక్ట్రానిక్స్ క్లస్టర్‌లో మునోత్ సంస్థ లిథియం సెల్‌ల ఫ్యాక్టరీని మొదలుపెట్టింది. రోజుకు 20,000 సెల్‌ల సామర్థ్యం దానిది. అవి పవర్ బ్యాంకుల లాంటి చిన్న పరికరాలకు వాడేవి. కారు సెల్‌ల విషయంలో మనం ఇంకా బయటివాళ్ల మీదే ఆధారపడ్డాం. ఈ కారు సెల్‌లు చైనా సంస్థ బీవైడీవి.

పోయేదారి వేరు, వచ్చేదారి వేరు

మావాడు బెంగళూరు నుంచి వచ్చినప్పుడు అనుకున్నదానికంటే ఎక్కువ ఛార్జింగు మిగిలింది. తిరిగి వెళ్లినప్పుడు మిగలలేదు. బ్యాటరీ పాడైందేమోనని ఫోను చేశాడు. "మామా, ఏమైనా తేడా ఉందా?"

తేడా బ్యాటరీలో లేదు, భూమిలో ఉంది. బెంగళూరు 900 మీటర్ల పైన ఉంది, తిరుపతి 160. పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగుతూ వచ్చేటప్పుడు మనకు తెలియకుండానే ఒక తిరుమల కొండను దిగుతాం. పోయేటప్పుడు ఆ కొండనే ఎక్కుతాం. సుమారు 250 కిలోమీటర్ల దారిలో రాకకీ పోకకీ మధ్య ఎనిమిది, తొమ్మిది యూనిట్ల తేడా రావడం సహజం.

కంపెనీ ఒక ఛార్జింగుకు 680 కిలోమీటర్ల పైన చెబుతుంది. అది ప్రయోగశాలలో, నిర్ణీత వేగాల మీద తీసిన అంకె. హైవే మీద కిలోమీటరుకు గాలిని చీల్చడానికి అయ్యే ఖర్చు వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 80లో పోయేవాడికంటే 110లో పోయేవాడు గాలికి దాదాపు 1.9 రెట్లు చెల్లిస్తాడు. తొందర ఉన్నవాడికి ఇంకో కష్టం కూడా ఉంది. మావాడు ఆగిన ఒక ఛార్జింగు కేంద్రంలో రెండు గన్‌లలో ఒకటి పనిచేయలేదు, ముప్పావు గంట వేచి ఉన్నాడు. దారిలో ఒక కేంద్రాన్ని నమ్ముకుని పోకూడదు, రెండోది మనసులో పెట్టుకునే బయలుదేరాలి.

కొనేవాళ్లకు ఒక మాట

కరెంటు బండ్ల మీద 2019 ఆగస్టు 1 నుంచి జీఎస్టీ 5 శాతమే. దాంతో ఎంతోమంది షోరూంల వైపు చూస్తున్నారు. అక్కడ మొదట చెప్పేది ఎన్ని సెకన్లలో 100 అందుకుంటుందన్నదే. ఆ అంకె విని సంతోషించండి, తర్వాత పక్కన పెట్టండి. అడగవలసినవి నాలుగున్నాయి. బ్యాటరీని ద్రవంతో చల్లబరుస్తారా? బ్యాటరీ ఏ రసాయనం? వారంటీ ఎన్నేళ్లు, ఎంత సామర్థ్యం తగ్గితే మారుస్తారు? మోటారు బ్రేకు ఎన్ని అంచెల్లో ఉంది, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు అది ఎలా పనిచేస్తుంది? టెస్టు డ్రైవు హైవే మీద ఒక్కసారి తొక్కి చూడటంతో ముగించకండి. కొండ ఎక్కించి, దించి చూడండి. ఎక్కినప్పుడు ఎన్ని యూనిట్లు పోయాయో, దిగాక ఎన్ని వచ్చాయో రాసుకోండి. బండి సత్తా ఆ రెండు అంకెల తేడాలో కనిపిస్తుంది.

మా బావకు చివరికి ఇలా చెప్పాను: ఊళ్లో తిరగడానికీ, ఏడాదికి నాలుగుసార్లు కొండకు పోవడానికీ ఇరవై, పాతిక మోటార్ల బండి చాలు. యాభై ఆరు కొనగలిగినవాళ్లు కొనుక్కోవచ్చు. కానీ ఘాట్ రోడ్డు మీద ఎవరి బండికైనా ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు. ఆ సమయాన్ని పాటించండి.